ఒంటిగంట మోత

"ఇయ్యాల్టి ఎండకు ఎవరో ఒకరు కూలబడ్తరే రాజశ్రీ, సూస్తుండు."

అప్పటికింకా ఏమీ జరగలేదు. పొద్దున ఆరున్నర. అనసూయమ్మ కుండలోని నీళ్లు సీసాలోకి వంపుతూ ఆ మాట అన్నది. కిటికీలోంచి వచ్చే గాలి అప్పుడే పొయ్యి దగ్గరి సెగలా తగులుతోంది.

కూతురు జడ వేసుకుంటూ అద్దంలోంచే తల్లిని చూసింది.

"పొద్దుపొద్దుగాల్నే షురూ జేసినవా? వానొస్తే పిడుగంటవ్, సలొస్తే ఒణుకుడంటవ్. నిన్ను టీవీల కూసోవెడితే దేశమంత దుప్పటి కప్పుకోని పంటది."

"నవ్వు బిడ్డా, నవ్వు. మా కావలోళ్లు గుట్టల మీద ఒక్కొక్కలే ఉంటరు. కండ్లు తిరిగి పడితే పట్టేటోడు లేడు."

"పడలే గదా ఇంక? పడినంక ఏడువు. నీ డబ్బ మర్శిపోకు."

అనసూయమ్మ డబ్బా సంచిలో పెట్టుకుంది. జొన్నరొట్టెలు రెండు, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ. కొంగు తల మీదికి లాక్కుని కామారెడ్డి స్టేషన్ రోడ్డు పట్టింది.

ఆమె భయాలు ఊరికే వచ్చినవి కావు. పద్దెనిమిదేండ్ల కింద ఆమె భర్త బెల్లం లోడుతో నాగపూర్ పోయాడు. చేరినంక గల్లీ చివరి ఎస్టీడీ దుకాణానికి ఫోన్ చేస్తానన్నాడు. మూడు దినాలు ఆమె ఆ దుకాణం మెట్ల మీదే కూర్చుంది, చంటిపిల్ల ఒళ్లో, తునికాకు చాట పక్కన. బీడీలు చుట్టుకుంటూ ఫోను దిక్కు చూసింది. నాలుగో దినం అది మోగింది. మాట్లాడింది ఆయన కాదు. అప్పటి నుంచి ఫోను మోగితే ఒక భయం, మోగకపోతే ఒక భయం. పదిహేనేండ్లు బీడీలు చుట్టిన వేళ్లు కొనల దగ్గర ఇప్పటికీ పచ్చగానే ఉంటాయి. ఏడో తరగతి వరకే చదివినా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని ఎవరో చెబితే ఈ కొలువు దొరికింది. ఫోను ముందు కూర్చునే కొలువే దొరకడం ఆమె రాత.

సిమెంటు దుకాణం మీద ఒకే గది ఆఫీసు. రెండు బల్లలు, ఇనుప బీరువా, గాలి కన్నా చప్పుడెక్కువ చేసే ఫ్యాను. సెల్‌ఫోన్ టవర్లకు పగటి కాపలా మనుషుల్ని పెట్టే గుత్తేదారు ఆఫీసు అది. కామారెడ్డికి దూరంగా ఏడు టవర్లు, ఏడుగురు మనుషులు. బీర్కూర్‌లో మైసన్న. మరాఠీ మాటలు వినిపించే మద్నూర్‌లో రామస్వామి. నిజాంసాగర్ తొవ్వలో తండా పక్కన దేవీసింగ్. ఎల్లారెడ్డి అవతల బోడగుట్ట మీద కిష్టయ్య. మిగతా ముగ్గురు బాన్సువాడ దిక్కు. ఒక్కొక్కరికి ఒక ఇనుప కంచె, ఒక జనరేటరు గది, ఒక ప్లాస్టిక్ కుర్చీ. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా మాట్లాడడానికి మనిషి ఉండడు. నెత్తి మీది టవర్లోంచి మాత్రం ఊళ్లకు ఊళ్లు మాట్లాడుకుంటూ పోతాయి.

ఒకరి మొహం ఒకరు చూడలేదు. అందరికీ తెలిసింది ఒక్క గొంతులే. ఏడాదిగా అవి కూడా లేవు.

అనసూయమ్మ పని ఇదీ. పొద్దున ఎనిమిదికి, పగలు ఒంటిగంటకు, సాయంత్రం అయిదుకు ఏడుగురూ ఆమె ఫోనుకు మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఒక్కసారి మోగి ఆగితే మనిషి హాజరు. వెంట వెంటనే రెండుసార్లు మోగితే డీజిల్ గానీ నీళ్ల క్యాను గానీ కావాలి. మూడుసార్లయితే కరెంటు పోయింది. ఆమె ఫోను ఎత్తకూడదు. పేరు చూసి రిజిస్టరులో గీత పెట్టాలి, అంతే.

మొదట్లో ఎత్తేది. ఎత్తి, "ఏం కిష్టన్నా, తిన్నవా?" అనేది. ఆ ఒక్క మాటకు ఆయన ఎక్కడెక్కడి సంగతులో చెప్పేవాడు. బొంబాయిలో బేల్దారి పనికి పోయిన రోజులు, పదంతస్తుల మీద కర్రల మంచె కట్టి నిలబడితే కింద మనుషులు మినపగింజల్లా కనిపించడం, అక్కడ కూడా ఇంత ఒంటరిగా అనిపించకపోవడం. "ఆడ పక్కన తిట్టెటోడన్న ఉంటుండె చెల్లే. ఈడ కాకి గూడ రాదు." భార్య యాదవ్వ పోయి నాలుగేండ్లు. బిడ్డ పెండ్లయి బిచ్కుందలో ఉంది. తెల్లారగట్ల లేచి ఆయనే అన్నం వండుకుంటాడు. యాదవ్వకు ఎల్లారెడ్డి అంగడిలో కొనిచ్చిన మూడు గిన్నెల స్టీలు డబ్బాలో సర్దుకుంటాడు. మూత మీద చుక్కల అక్షరాలతో ఆమె పేరు కొట్టించాడు. "పేరు లేకుంటే పెండ్లిల్లల్ల డబ్బలు మారిపోతయని లొల్లి జేసి కొట్టిచ్చింది. ఇప్పుడు ఎవరింటికి పోతున్న అది మారుటానికి?" అని నవ్వేవాడు. బొంగురు గొంతు, నిండు నవ్వు. లావుపాటి, మీసాల మనిషి అయ్యుంటాడని అనసూయమ్మ అనుకునేది.

ఒకనాడు ఆయనతో గోంగూరలో శనగపప్పు వేయాలా వద్దా అని మాట్లాడుతుంటే బీర్కూర్ టవర్ బ్యాటరీల్లోంచి పొగ లేచింది. మైసన్న చేసినన్నిసార్లూ లైను ఖాళీ లేదు. టవర్ పూటంతా ఆగిపోయింది. అజయ్ సార్ మంచివాడే, వయసులో చిన్నవాడు, ఎప్పుడూ గొంతు పెంచడు. ఆ రోజు పెంచాడు.

"అనసూయమ్మా, గా గోంగూరకు ఒక టవర్ కాలిపోయేది. మోగితే రాయి. ఎత్తకు. ఎవ్వరిదీ ఎత్తకు. నా మీద ఒట్టు."

ఆమె ఒట్టు వేసింది. కాపలావాళ్లకూ అదే కబురు పోయింది, లైన్లు ఖాళీగా ఉంచండి అని.

మాట బందయ్యాక కిష్టయ్యే ఒక ఉపాయం చేశాడు. ఒంటిగంటకు అన్నం ముందు కూర్చుని, డబ్బా మూట విప్పక ముందు, ఆరుగురికీ ఒక్కొక్క మోత ఇస్తాడు. చివరగా అనసూయమ్మకు. ఆ మోత వింటే అందరూ డబ్బాలు విప్పాలి. ఎవరి కంచెలో వాళ్లు, ఎనిమిది ఊళ్లలో ఎనిమిది మంది, ఒకే పంక్తిలో కూర్చున్నట్టు. ఎత్తకూడదు. ఎత్తినవాడు ఓడినట్టు. ఒకసారి దేవీసింగ్ పొరపాటున ఎత్తితే, "ఓడిండు, లంబాడోడు ఓడిండు!" అని కిష్టయ్య నవ్వి పెట్టేశాడట. ఆ సంగతి డీజిల్ బండి డ్రైవరు ఊరూరికీ మోశాడు. నెల దినాలు దేవీసింగ్‌ను ఏడిపించారు. ఆ తరవాత ఎవరూ ఓడలేదు.

ఆనాడు ఎనిమిదింటికి ఏడు మోతలూ వచ్చాయి. కిష్టయ్యది రెండుసార్లు మోగింది. అనసూయమ్మ లేచి అజయ్ సార్ బల్ల దగ్గరికి పోయింది.

"సార్, ఎల్లారెడ్డి గుట్టకు నీళ్ల క్యాను గావాల్నట. నిన్న గూడ రెండు మోతలే ఇచ్చిండు."

"బండి మద్నూర్ దిక్కు పోయింది. వస్తూ వేస్తడు."

"వచ్చేటాల్లకు పొద్దు గూకుతది సార్. ఎండ జూస్తే గిట్లుంది."

"నువ్వు గాబర వడకు. పోయిన వానకాలం రామస్వామికి పిడుగు వడ్డదని బండి ఉరికిస్తివి. పోయి చూస్తే గురక వెట్టి పన్నడు. యాదికున్నదా?"

ఉంది. ఆ కథ కూడా డ్రైవరు ఊరూరికీ మోశాడు. అజయ్ సార్ అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టాడు. ఒక మోత తప్పితే రాసుకో, రెండు తప్పితే చెప్పు. అనసూయమ్మ తన కుర్చీలోకి వచ్చి కూర్చుంది. ఎవరు చూసినా నవ్వేంత పిరికిదాన్ని అయ్యానా అనుకుంది. సీసాలోంచి రెండు గుక్కలు తాగి మూత పెట్టింది. వద్దనుకున్నా గుట్ట మీది మనిషి దగ్గర ఎన్ని గుక్కలు మిగిలాయో అన్న లెక్క మనసులో తిరిగింది.

పన్నెండు దాటాక కరెంటు పోయింది. కింద సిమెంటు దుకాణం హమాలీలు బస్తాలు దించడం మానేసి నీడకు చేరారు. రోడ్డు మీద తారు మెరిసింది. ఒంటిగంటకు బీర్కూర్ మోగింది. మద్నూర్ మోగింది. బాన్సువాడవి మూడూ మోగాయి. దేవీసింగ్ మోగించాడు. ఆరు గీతలు. ఏడో గడి ఖాళీ.

ఒంటిగంట పది. డబ్బా ఆమె ముందే ఉంది. విప్పలేదు.

ఒంటిగంట ఇరవై. ఎదురుగా అజయ్ సార్ తింటున్నాడు. "తినవా అనసూయమ్మా?" అన్నాడు.

"కిష్టన్నది ఇంక రాలే సార్."

"ఒక్కటి తప్పితే రాసుకోవాలె. తిను."

ఆమె ఫోను చేతిలోకి తీసుకుంది. చేద్దామా? చేస్తే తన లైను నిండుతుంది. ఆ సమయానికే ఇంకో టవర్‌లో పొగ లేస్తే? ఒట్టు గుర్తొచ్చింది. ఫోను బల్ల మీద పెట్టి దాన్నే చూస్తూ కూర్చుంది. యాదగిరి నరసింహస్వామికి ఒక కొబ్బరికాయ మొక్కింది. ఒకటి చాలదనుకుని ఇంకొకటి మొక్కింది.

ఒంటిగంట నలభైకి ఫోను మోగింది. కిష్టయ్య పేరు.

"అమ్మయ్య!" అన్నది బయటికే. ఒక్క మోతకు ఆగలేదు. రెండు, మూడు, నాలుగు. మోగుతూనే ఉంది. పూర్తిగా మోగి, అలసిపోయినట్టు ఆగింది. ఒక్క నిమిషం గడిచాక మళ్లీ మోగింది. మళ్లీ చివరిదాకా.

అజయ్ సార్ తలెత్తి చూశాడు. ఆమె చేతులు ఒళ్లోనే పెట్టుకుని నవ్వింది.

"ఇయ్యాల కిష్టన్నకు ఆకలి గట్టిగయింది సార్. అందరిని గట్టిగ పిలుస్తున్నడు."

పొడుగు మోతకు రిజిస్టరులో అర్థం లేదు. అంతసేపు మోగించే పని ఎవరికీ పడలేదు, అందుకే ఎవరూ దానికో అర్థం పెట్టలేదు. ఆమె నీలం పెన్ను తీసి ఏడో గడిలో గీత పెట్టింది. హాజరు. తరవాత డబ్బా విప్పింది. రొట్టె తుంచి పచ్చిపులుసులో అద్దుకుంది. ఆ పూట అన్నం ఆమె నిమ్మళంగా తిన్నది. ఎన్నో దినాల తరవాత భయం లేకుండా తిన్న అన్నం అది.

సాయంత్రం అయిదుకు ఆరే మోతలు వచ్చాయి.

అయిదుంబావు దాకా చూసింది. పద్ధతి ప్రకారం చూస్తే తప్పింది ఒక్కటే. మధ్యాహ్నపు గడిలో గీత ఉంది కదా. కానీ ఆమె కళ్లు ఆ గీత మీద నిలబడిపోయాయి. ఆరు గీతలు చిన్న మోతలవి. ఇదొక్కటీ పొడుగు మోతది. రోజూ ఒక్క మోతతో పిలిచే మనిషి ఇవాళ రెండుసార్లు చివరిదాకా ఎందుకు మోగించాడు?

ఒట్టు మాట మరిచిపోయి కిష్టయ్యకు చేసింది. మోగింది. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు.

దేవీసింగ్‌కు చేసింది. అతనూ ఎత్తలేదు. ఎత్తడు కదా! మూడోసారికి ఎత్తి, భయం భయంగా, "అవ్వా? ఏమాయె? నేను ఓడిన్నా?" అన్నాడు.

"కొడుకా, పగటీలి కిష్టన్న నీకు చేసిండా?"

"చేసిండు. పొడుగ్గ మోగింది. నవ్వుకున్న గూడ. పెద్దమనిషి నన్ను ఓడగొట్టాలని చూస్తున్నడని ఎత్తలే."

"ఎన్ని గంటలకు?"

"ఒంటిగంట దాటి... ఇరవై నిమిషాలైతుండొచ్చు."

మైసన్నకు చేసింది. "ఆఁ అక్కా, మోగింది. ఇయ్యాల ఏం వండుకున్నడో అంత సంబురం అనుకుంట బువ్వ తిన్న." రామస్వామికి చేసింది. "ఎత్తితే ఓడినట్టు గద అక్కా." బాన్సువాడ ముగ్గురికీ చేసింది. ముగ్గురిదీ అదే మాట. మోగింది. పొడుగ్గా మోగింది. డబ్బా విప్పినం. తిన్నం.

ఆరుగురికీ చేశాడు. ఒక్కొక్కరికీ చివరిదాకా మోగించాడు. ఇరవై నిమిషాలు. ఆఖరున, ఆమె ఎత్తుతుందనుకుని, ఆమెకు రెండుసార్లు.

అనసూయమ్మ లేవబోయి కుర్చీ చేతులు పట్టుకుని నిలబడిపోయింది. పొద్దున్నుంచి, కాదు, పద్దెనిమిదేండ్ల నుంచి దేనికోసం భయపడుతోందో అది వచ్చి, ఎదురుగా బల్ల మీద, చేతికందేంత దూరంలో మోగింది. తను దాన్ని చూసి నవ్వింది. గీత పెట్టింది. అన్నం తిన్నది.

"సార్," అన్నది చివరికి. "అందర్ని పిలిచిండు సార్. ఒక్కలం గూడ ఎత్తలే."

అజయ్ సార్‌కు అర్థం కావడానికి కాసేపు పట్టింది. జేబులోంచి తన ఫోను తీసి చూసుకున్నాడు, తనకేమైనా వచ్చిందా అని. "నాకు రాలే," అన్నాడు. మళ్లీ తనే చిన్నగా, "నా నంబర్ వాళ్లకు ఇయ్యలే గదా," అన్నాడు.

దేవీసింగ్ ఒక్కడే దగ్గర. ఎనిమిది కిలోమీటర్లు. అనసూయమ్మ మళ్లీ అతనికి చేసి, "పో బిడ్డా, సైకిలేసుకోని ఉరుకు," అన్నది.

"టవర్ ఇడిసిపెట్టి పోతే సారు..."

అజయ్ సార్ చెయ్యి చాచి ఫోను తీసుకున్నాడు. "పో దేవీసింగ్. టవర్ ఎటూ పోదు. పో." ఆ వెంటనే డీజిల్ బండి డ్రైవరుకు చేశాడు. బండి ఇంకా మద్నూర్ దాటలేదు. నీళ్ల క్యాను బండిలోనే ఉంది.

ఎల్లారెడ్డి బస్సు ఎక్కితే గుట్ట చేరేసరికి రెండు గంటలు. ఆమె ఎక్కలేదు. ఎక్కితే తొవ్వలో సిగ్నల్ పోతుందేమోనని భయం. కుర్చీలోనే కూర్చుని కిష్టయ్య నంబరుకు చేస్తూ పోయింది. చివరిదాకా మోగనిచ్చింది. ఆగితే మళ్లీ చేసింది. అవతల బోడగుట్ట మీద ఆ చిన్న ఫోను ఎలా మోగుతోందో ఆమెకు వినిపిస్తున్నట్టే ఉంది. పిలిచినవాడికి ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ప్రతి మోతకూ ముందు ఆశ పుడుతుంది. తరవాత మోత దాకా బతుకుతుంది. చచ్చిపోతుంది. ఇంకో మోతకు మళ్లీ పుడుతుంది.

ఆరు దాటింది. ఎన్నోసారో తెలియదు, మోత మధ్యలో తెగింది. గాలి చప్పుడు వినిపించింది. ఆయాసపడుతున్న ఊపిరి.

"కిష్టన్నా!"

"నేను అవ్వా. దేవీసింగ్‌ను."

ఆమె అడగకముందే అతను చెప్పడం మొదలుపెట్టాడు, చిన్నపిల్లాడిలా, ముందుదీ వెనకదీ కలిపి.

"జనరేటర్ గది గోడకు ఆనుకోని కూసున్నడవ్వా. నీడ కోసం కూసున్నట్టున్నడు. పొద్దు తిరిగినంక మీది మీదికి ఎండ వచ్చింది. నీళ్ల డబ్బ పక్కన పడున్నది, సుక్క లేదు. పిలిచిన. లేపిన. ఒళ్లు ఇంక కాల్తనే ఉన్నదవ్వా, ముట్టుకుంటే సుర్రుమంటున్నది. ఊపిరి లేదు. ఫోన్ చేతిలనే ఉండె. నువ్వు చేస్తుంటే చేతిల మోగుతున్నది. ఏలు తీసి ఎత్తిన."

అజయ్ సార్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"సన్నగున్నడవ్వా," అన్నాడు దేవీసింగ్. "గొంతు ఇని లావుగుంటడనుకున్న. మీసాల్గూడ లెవ్వు. నా అసొంటోడే. గింత సన్నటి మనిషి. నేను గుర్తువట్టలే అవ్వా. మనోడా కాదా అని ఒక్క గడియ చూసుకుంట నిలవడ్డ."

అనసూయమ్మ కళ్లు మూసుకుంది. మూసిన కళ్ల ముందు ఇన్నాళ్ల లావుపాటి, మీసాల మనిషి చెదిరిపోయాడు. ఆయన స్థానంలో ఎవరినీ నిలబెట్టలేకపోయింది. ఎంతో అడగాలనుంది. ఎంతసేపు బాధపడ్డాడు, ఎవరినైనా తిట్టుకున్నాడా, ఏడుగురిలో ఒక్కరూ ఎత్తనప్పుడు ఏమనుకున్నాడు. ఇవేవీ నోటికి రాలేదు. నోటికి అలవాటైన మాట ఒక్కటే వచ్చింది. ఏడాదిగా అడగకుండా ఆపుకున్న మాట.

"తిన్నడా బిడ్డా?"

గాలి ఒక్కటే ఫోనులోకి కొడుతోంది. దేవీసింగ్ నడుస్తున్న చప్పుడు, గులకరాళ్లు జారిన చప్పుడు. ఆగాడు. ఎక్కడో టవర్ మెల్లగా గుయ్యిమంటోంది. ఆమె ఫోను చెవికి అదుముకుని అలాగే కూర్చుంది. కింద సిమెంటు దుకాణం షట్టరు దించారు. కరెంటు వచ్చింది, ఫ్యాను తిరగడం మొదలైంది. ఆమె పెట్టేయలేదు. అతను పెట్టేయలేదు. ఎంతసేపో.

"లేదవ్వా," అన్నాడు చివరికి. "మూట గూడ ఇప్పలే."

అక్కడ గుట్ట మీద, కిష్టయ్య ప్లాస్టిక్ కుర్చీ కింది నీడలో, పచ్చ గళ్ల తువ్వాలలో రెండు ముళ్లు బిగించి, మూడు గిన్నెల స్టీలు డబ్బా ఉంది. గుడ్డ కాస్త జారిన చోట, మూత మీద, చుక్కల అక్షరాల్లో యాదవ్వ పేరు.